సుంకం వేసేదొకరు, మోసేదొకరు

2024 సెప్టెంబరు 14 నుంచి ముడి పామాయిల్, సోయా, సన్‌ఫ్లవర్ నూనెల దిగుమతి మీద మూల సుంకం సున్నా నుంచి 20 శాతానికి పెరిగింది. సెస్సులతో కలిపి 27.5 శాతం. శుద్ధి చేసిన నూనెల మీదైతే అన్నీ కలిపి 35.75 శాతం. వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచి తెచ్చుకునే మనకు ఇది చిన్న సంగతి కాదు. పండగల ముందర పడింది కాబట్టి ఇళ్లలో గొణుక్కున్నారు. హైదరాబాద్‌లో సాయంత్రం పూట బజ్జీల బండి పెట్టుకునేవాడికి గొణుక్కునే వీలు కూడా లేదు. టిన్ను ధర పెరిగిందని ప్లేటు మీద పది రూపాయలు వేస్తే జనం పక్క బండికి పోతారు. అందుకని ధర అలాగే ఉంచి, నాలుగు బజ్జీలు వేసే చోట మూడు వేస్తాడు. లేదా కాగిన నూనెనే ఇంకో పూట కాస్తాడు.

అదే నోటిఫికేషన్ పామాయిల్ తోటలున్న అశ్వారావుపేట వైపు పండగ తెచ్చింది. పామాయిల్ గెలల ధర వేలంలో తేలేది కాదు. ముడినూనె మార్కెట్ ధర, గెలలో వచ్చే నూనె శాతం లెక్కగట్టి నెలనెలా ప్రకటిస్తారు. బయటి నూనె ఖరీదైతే ఆ తేడా నేరుగా రైతు లెక్కలోకి వచ్చేస్తుంది. అప్పటికి అంతర్జాతీయ ధర కూడా పెరుగుతుండటంతో కొన్ని నెలల్లోనే గెలల ధర టన్నుకు 20 వేలు దాటింది. మొక్క నాటాక నాలుగేళ్లు ఎదురుచూసిన రైతుకు అది న్యాయమైన డబ్బే. మరి బజ్జీల బండివాడు చేసిన నేరమేమిటి?

2025 మే ఆఖర్లో ముడినూనె సుంకాన్ని మళ్లీ తగ్గించారు, అన్నీ కలిపి 16.5 శాతానికి. శుద్ధి చేసిన నూనె మీద మాత్రం 35.75 అలాగే ఉంచారు. రెండింటి మధ్య తేడా 8.25 నుంచి 19.25కి పెరిగింది. ఈ తేడాలో ఎవరున్నారో చూస్తే కాకినాడ, కృష్ణపట్నం లాంటి రేవుల పక్కన ఉన్న రిఫైనరీలు కనిపిస్తాయి. ముడిసరుకు చవగ్గా దిగుతుంది, పోటీ సరుకు ఖరీదుగా దిగుతుంది. తొమ్మిది నెలల్లో ఒకే వస్తువు మీద రెండు నిర్ణయాలు. మొదటిది రైతుకు, రెండోది రిఫైనరీకి, కొంత మేరకు వినియోగదారుకి. రెండుసార్లూ చెప్పిన మాట ఒక్కటే: దేశ ప్రయోజనం.

రక్షణ విధానాల గురించి మన దగ్గర జరిగే చర్చ ఎక్కువగా దేశం పేరు మీదే నడుస్తుంది. అమెరికా మన మీద వేసింది, మనం చైనా మీద వేశాం, వాళ్లు కడతారు, మనం గెలుస్తాం. సుంకం దేశాలు కట్టవు. రేవులో బిల్లు దిగుమతిదారు పేరున పడుతుంది. అక్కడి నుంచి అది చేతులు మారుతూ పోతుంది. ఎగుమతి చేసేవాడు ధర తగ్గించుకుని కొంత మోయవచ్చు, దిగుమతిదారు తన లాభంలో కొంత వదులుకోవచ్చు, మిగిలింది దుకాణంలో కొనేవాడి మీదో, వెనక్కి తిరిగి పొలంలో పండించినవాడి మీదో పడవచ్చు. ఎవరి వాటా ఎంతన్నది చట్టంలో రాసి ఉండదు. పక్కకు జరగడానికి చోటున్నవాడు జరుగుతాడు. ఇంకో దేశం నుంచి కొనగలిగినవాడు కొంటాడు, ఇంకో దేశానికి అమ్మగలిగినవాడు అమ్ముతాడు. ఏదీ చేయలేనివాడి దగ్గర ఆ భారం ఆగిపోతుంది.

ఎదుగుతున్న దేశాల్లో ఇలా జరగలేనివాళ్లు ఎక్కువ. చిన్న కమతాలు, అప్పు మీద నడిచే వ్యాపారాలు, ఒకటి రెండు సరుకుల మీద, ఒకటి రెండు మార్కెట్ల మీద ఆధారపడ్డ జిల్లాలు. కొన్నిచోట్ల మొత్తం దేశమే అలా ఉంటుంది. దక్షిణాఫ్రికా మధ్యలో ఉన్న లెసోతోని చూడండి. జనాభా పాతిక లక్షల లోపు. అమెరికా ఇచ్చిన సుంకం లేని ప్రవేశం ఆసరాతో జీన్స్ కుట్టి బతికింది. 2025 ఏప్రిల్‌లో అదే అమెరికా దాని మీద 50 శాతం సుంకం ప్రకటించింది. ఆగస్టు నాటికి 15కి దించారు కానీ ఆ మధ్య నెలల్లో ఆర్డర్లు ఆగిపోయాయి, ఫ్యాక్టరీలు పని తగ్గించాయి. నిరుద్యోగం మీద అక్కడి ప్రభుత్వం విపత్తు ప్రకటించాల్సి వచ్చింది. 15 శాతానికి దిగినంత మాత్రాన పోయిన ఆర్డరు వెనక్కి రాదు.

అదే ప్రకటనలో మన మీద పడింది 26 శాతం. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే నవ్వొస్తుంది. 2024లో సరుకుల వ్యాపారంలో మనతో అమెరికా లోటు దాదాపు 4,570 కోట్ల డాలర్లు, మన నుంచి వాళ్లు కొన్నది దాదాపు 8,740 కోట్ల డాలర్లు. మొదటిదాన్ని రెండోదాంతో భాగించి, వచ్చినదాన్ని సగం చేశారు. అంతే. మన సుంకాలు ఎంత, అడ్డంకులు ఏమిటి అన్న పరిశీలన ఆ లెక్కలో ఎక్కడా లేదు. లెసోతోకి 50 వచ్చింది కూడా ఇలాగే. ఎక్కువ అమ్మి తక్కువ కొనే పేదదేశానికి ఎక్కువ శిక్ష. తర్వాత మనకు 2025 ఆగస్టు 7 నుంచి 25 శాతం, రష్యా చమురు కొంటున్నందుకు ఆగస్టు 27 నుంచి ఇంకో 25 శాతం పడ్డాయి. రేట్లు ఆ తర్వాత కూడా మారుతూనే వచ్చాయి కాబట్టి అంకెల వెంట పరిగెత్తడం కన్నా ఆ దెబ్బ ఎక్కడ తగిలిందో చూడటం మేలు.

తెలుగు నేల మీద అది ముందుగా తగిలింది రొయ్యల చెరువులకు. కూకట్‌పల్లిలో నాలుగు ఇళ్లు తలుపు తడితే ఒక ఇంట్లోనైనా భీమవరం వైపు చెరువో, చెరువు మీద పెట్టుబడో ఉన్నవాళ్లు దొరుకుతారు కాబట్టి ఆ టెన్షన్ ఇక్కడికీ తెలిసింది. దేశంలో రొయ్యలు అందరికన్నా ఎక్కువ పండించేది ఆంధ్రప్రదేశ్. 2024-25లో దేశం మొత్తం మీద సముద్ర ఉత్పత్తుల ఎగుమతి రూ.62,408 కోట్లు, అందులో పెద్ద వాటా గడ్డకట్టించిన రొయ్యలది, పెద్ద కొనుగోలుదారు అమెరికా.

చెరువు గట్టు మీద ధర కౌంటులో మాట్లాడుకుంటారు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు. వంద కౌంటు అంటే చిన్న రొయ్య, ముప్పై కౌంటు అంటే పెద్దది. కౌంటు తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది. అమెరికా వాళ్లు ఎక్కువగా అడిగేవి పెద్ద సైజులు. ఏప్రిల్ 2న ప్రకటన వచ్చింది. వారం తిరిగేలోపే ఆ ప్రకటనలోని అధిక రేట్లను 90 రోజులు వాయిదా వేశారు. కానీ వాయిదా మాట రాకముందే గట్టు మీద ధర పడిపోయింది. అంటే 26 శాతం అనే సుంకం ఒక్క డాలరు కూడా ఎవరూ కట్టలేదు, దాని భయం మాత్రం రైతు కట్టేశాడు. అమెరికాకు పెద్దగా వెళ్లని చిన్న కౌంట్ల ధర కూడా తగ్గించారని రైతులు మొత్తుకున్నారు. ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి కేంద్రానికి లేఖ రాయాల్సి వచ్చింది.

రైతు ఎందుకు ఆగలేడు? ఇక్కడ పెంచే వెనామీ రకం రొయ్య మూడు నాలుగు నెలల పంట. సైజుకొచ్చిన రొయ్యను చెరువులో ఉంచితే రోజూ మేత వేయాలి, రాత్రంతా నీటికి గాలి అందించే ఏరేటర్లు తిప్పాలి, కరెంటు బిల్లు కట్టాలి. ఈలోగా వైట్ స్పాట్ వైరస్ తగిలితే చెరువు చెరువే పోతుంది. మేత అప్పు మీద తెచ్చినదైతే పట్టుబడి పట్టగానే తీర్చాలి. ప్రాసెసింగ్ ప్లాంటు యజమానికి కోల్డ్ స్టోరేజీ ఉంది, కొన్ని వారాలు ఆగగలడు. అమెరికా దిగుమతిదారుకు ఈక్వెడార్ ఉంది, అక్కడి రొయ్య మీద అప్పటి కొత్త సుంకం 15 శాతమే. మన రొయ్య మీద మరీ చవగ్గా అమ్ముతున్నామంటూ 2005 నుంచి వేస్తున్న యాంటీ డంపింగ్ సుంకం, 2024లో వచ్చి చేరిన సబ్సిడీ వ్యతిరేక సుంకం, కొత్త 50 శాతం కలిసి దాదాపు 58 అయింది. ఈ గొలుసులో ఆగలేనివాడు, ఇంకోచోటికి పోలేనివాడు గట్టు మీద నిలబడ్డ రైతు ఒక్కడే. తనకింద కూలీలు, రొయ్యల తల వలిచే ఆడవాళ్లు ఉన్నారు. వాళ్లకు పని దినాలు తగ్గాయి.

సుంకం ఎంతన్నది సగం సంగతే. పక్కవాడి మీద ఎంతన్నది మిగతా సగం. వియత్నాం, బంగ్లాదేశ్‌లు 20 శాతం దగ్గర తేలినప్పుడు మన 50 శాతం తమిళనాడులోని తిరుప్పూరు బట్టకు మరణశాసనంలా కనిపించింది. అందరి మీదా 20 వేసి ఉంటే అమెరికాలో చొక్కా ధర పెరిగేది, మన వాటా మాత్రం నిలిచేది.

తిరుప్పూరు మాట వచ్చింది కాబట్టి పత్తి సంగతి చెప్పాలి. తెలంగాణ రైతు కథ అక్కడే ఉంది. మన రెడీమేడ్ బట్టల ఎగుమతిలో మూడో వంతుకు దగ్గరగా అమెరికాకే పోతుంది. 50 శాతం పడగానే మిల్లులకు ఊపిరాడాలని కేంద్రం పత్తి దిగుమతి మీద ఉన్న 11 శాతం సుంకాన్ని 2025 ఆగస్టు 19న ఎత్తేసింది. ముందు సెప్టెంబరు 30 వరకు అన్నారు, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. సరిగ్గా ఆదిలాబాద్‌లో, వరంగల్‌లో పత్తి ఏరే కాలం అది. బయటి నుంచి సుంకం లేని దూది దిగుతుంటే ఇక్కడి వ్యాపారి ఎక్కువ పెట్టి ఎందుకు కొంటాడు? ప్రైవేటు ధర మద్దతు ధర కన్నా కిందే ఉండటంతో రైతులంతా ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ సీసీఐ కేంద్రాల వైపు తిరిగారు.

సీసీఐ దగ్గర పొడవు పింజ పత్తికి 2025-26లో మద్దతు ధర క్వింటాలుకు రూ.8,110. అయితే తేమ 12 శాతం దాటితే తీసుకోరు. ఆ ఏడాది అక్టోబరు వానలకు చేలోనే దూది తడిసింది. పైగా కపాస్ కిసాన్ యాప్‌లో స్లాటు తీసుకోవాలి. స్మార్ట్‌ఫోన్ లేని రైతు పక్కింటి కుర్రాడి దగ్గరికి పోవాలి. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. వాషింగ్టన్‌లో తిరుప్పూరు చొక్కా మీద పడ్డ పన్ను మూడు మలుపులు తిరిగి ఆసిఫాబాద్‌లో తడిసిన పత్తి బస్తా మీద వచ్చి కూర్చుంది. చొక్కా తయారీదారుకు సాయం చేయడం తప్పంటానా? అనను. కానీ ఆ సాయం ఖజానా నుంచి ఇవ్వొచ్చు. పత్తి రైతు జేబులోంచి ఇవ్వడం సులువు, ఎందుకంటే బడ్జెట్‌లో ఆ ఖర్చు కనిపించదు.

ఇప్పుడు దీనికి పూర్తి వ్యతిరేకమైన కథ, అది మన ఊరిదే. దేశ ఫార్మా ఉత్పత్తిలో దాదాపు మూడో వంతు తెలంగాణదని ప్రభుత్వం చెబుతుంది. జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారంలో ముడి మందులు, మాత్రలు, అటు తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ. అమెరికా ప్రతీకార సుంకాల్లోంచి మందులను మినహాయించారు. 2025 సెప్టెంబరులో పేటెంటు ఉన్న బ్రాండెడ్ మందుల మీద 100 శాతం వేస్తామన్నారు. ఆ రోజు షేర్లు కాస్త వణికాయి కానీ ఇక్కడ తయారయ్యేవి ఎక్కువగా పేటెంటు గడువు తీరిన మందులు, అంటే జెనరిక్స్. అంత దూకుడులో మందుల దగ్గర ఎందుకు ఆగారు? అమెరికాలో జెనరిక్ చీటీల్లో నూటికి నలభైకి పైగా మన కంపెనీల మాత్రలతో నిండుతాయి. అక్కడ ధర అప్పటికే అడుగంటి ఉంది, ఇంకో చోట నుంచి వెంటనే తెచ్చుకోలేరు. 2023లో గుజరాత్‌లోని ఒక ప్లాంటులో ఉత్పత్తి ఆగినందుకు అమెరికా ఆసుపత్రుల్లో సిస్‌ప్లాటిన్ అనే కేన్సర్ మందుకు కరువొచ్చింది. ఇక్కడ పక్కకు జరగలేనివాడు అమెరికా రోగి. సుంకం వేస్తే అతని మీదే పడుతుందని వేసేవాడికి తెలుసు.

అంటే బేరంలో బలం దేశం సైజు నుంచి మాత్రమే రాదు. నువ్వు లేకపోతే అవతలివాడికి ఎంత ఇబ్బంది అన్నదాని నుంచి వస్తుంది. రొయ్యకు బదులు రొయ్య దొరుకుతుంది.

ఆ బలం హైదరాబాద్‌కు ఎలా వచ్చింది? తమాషా ఏమిటంటే, రక్షణ విధానం వల్లే వచ్చింది. 1960ల్లో సోవియట్ సాయంతో బాలానగర్‌లో ఐడీపీఎల్ పెట్టారు. 1970లో చేసి 1972 నుంచి అమలు చేసిన పేటెంటు చట్టం మందు మీద పేటెంటు ఇవ్వకుండా, తయారీ పద్ధతి మీద మాత్రమే ఇచ్చింది. ఇంకో పద్ధతిలో అదే మందు తయారు చేసుకోవచ్చు. ఐడీపీఎల్‌లో పని నేర్చిన కెమిస్టులు బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టిన కల్లం అంజిరెడ్డి వాళ్లలో ఒకరు. చిత్రంగా ఐడీపీఎల్ తానే ఖాయిలా పడింది, దాని దగ్గర పని నేర్చినవాళ్లు ప్రపంచానికి మందులు అమ్మారు. 2005లో మందు మీద పేటెంటు తిరిగొచ్చేనాటికి వాళ్లు నిలదొక్కుకున్నారు.

అదే ఊళ్లో, అదే కాలంలో, అదే రక్షణ కింద సనత్‌నగర్ ఆల్విన్ ఉండేది. 1942లో మొదలై బస్సు బాడీలు, బీరువాలు, ఫ్రిజ్‌లు, తర్వాత జపాన్ కంపెనీ సీకోతో కలిసి గడియారాలు చేసింది. పెద్దవాళ్ల ఇళ్లలో ఆ ఫ్రిజ్ ఒకటి ఇప్పటికీ నీళ్ల సీసాలు చల్లబెడుతూ ఉండవచ్చు, అంత గట్టి వస్తువు. కానీ 1991లో తలుపులు తెరిచాక ఆ కంపెనీ నిలబడలేదు. ఫ్రిజ్‌ల విభాగం ప్రైవేటు చేతికి పోయింది, గడియారాలు ఆగిపోయాయి. తలుపులు తెరిచింది కూడా మన తెలుగాయన పి.వి. నరసింహారావు ప్రభుత్వమే. అప్పటికి కొన్ని వస్తువుల మీద సుంకం 300 శాతం దాటి ఉండేది. ఆ ఏడాది బడ్జెట్‌లో గరిష్ఠ సుంకాన్ని 150కి దించారు. 2007 నాటికి వ్యవసాయేతర సరుకుల మీద గరిష్ఠం 10 శాతానికి వచ్చింది.

రెండింటికీ గోడ ఒకటే, లోపలి సంగతి వేరు. ఫార్మాలో గోడ లోపల డజన్ల కొద్దీ కంపెనీలు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ ధర తగ్గించుకున్నాయి. త్వరలోనే విదేశాలకు అమ్మడం మొదలుపెట్టాయి, అంటే గోడ అవతల కూడా పరీక్షకు కూర్చున్నాయి. ఫ్రిజ్, స్కూటర్, గడియారం రంగాల్లో లైసెన్సు ఉన్నవాళ్లు నలుగురైదుగురు. కొనేవాడు డబ్బు కట్టి వరసలో నిలబడేవాడు. కొత్త మోడల్ తేవాల్సిన అవసరం ఎవరికుంది? దక్షిణ కొరియా తన కంపెనీలకు రక్షణ ఇస్తూనే ఇంత ఎగుమతి చేసి చూపించమని మెడ మీద కత్తి పెట్టింది. బ్రెజిల్ 1984లో కంప్యూటర్లకు చట్టం చేసి మార్కెట్ మూసేసింది, ఖరీదైన పాత కంప్యూటర్లతో కొన్నేళ్లు గడిపి 1990ల మొదట్లో ఎత్తేసింది. అమెరికా తొలి ఆర్థిక మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ 1791లోనే పసి పరిశ్రమలకు అండ కావాలని తన దేశపు కాంగ్రెస్‌కు నివేదిక ఇచ్చాడు. పంతొమ్మిదో శతాబ్దంలో ఆ దేశం ఎత్తైన సుంకాల మధ్యే పెరిగింది. కాబట్టి పేద దేశాలు అసలు గోడే కట్టకూడదనే పాఠం వాళ్ల నోట విన్నప్పుడు కాస్త జాగ్రత్తగా వినాలి. అలాగని మన ప్రతి గోడా ఫార్మా గోడ అనుకోవడం కూడా పొరపాటు.

ఉదాహరణకు ఉక్కు. అమెరికా, యూరప్ తలుపులు మూస్తే చైనా సరుకు మిగతా ప్రపంచం మీద పడుతుంది. ఆ భయంతో 2025 ఏప్రిల్‌లో మన ప్రభుత్వం కొన్ని రకాల ఉక్కు షీట్ల మీద 200 రోజులకు 12 శాతం రక్షణ సుంకం వేసింది. భయం నిజమే. అయితే దేశంలో షీటు తయారుచేసే పెద్ద కంపెనీలు కొన్నే. షీటు కొని బీరువాలు, ప్యానెల్ బోర్డులు, కూలర్ బాడీలు చేసే షెడ్లు ఒక్క బాలానగర్‌లోనే ఎన్ని ఉన్నాయో. ముడిసరుకు మీద సుంకం అంటే తయారీదారు మీద పన్ను. ఉక్కు కంపెనీలకు ఢిల్లీలో సంఘం ఉంటుంది, ఆఫీసు ఉంటుంది. బాలానగర్ షెడ్డు యజమానికి అక్కడ తెలిసినవాళ్లెవరు? రక్షణ ఎవరికి దొరుకుతుందన్నది చాలాసార్లు ఇక్కడే తేలిపోతుంది.

రక్షణ అంటే దిగుమతి ఆపడమే కాదు, ఎగుమతి ఆపడం కూడా. 2023 జులై 20న మనం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి నిషేధించాం. డల్లాస్‌లో, న్యూజెర్సీలో మనవాళ్లు సోనామసూరి బస్తాల కోసం దుకాణాల్లో ఎగబడ్డ వీడియోలు ఇక్కడ అందరూ చూసి నవ్వుకున్నారు. ప్రపంచ బియ్యం వ్యాపారంలో దాదాపు 40 శాతం మనదే అని చాలామందికి అప్పుడే తెలిసింది. ఆ వీడియోల్లో లేనివాళ్లు సెనెగల్‌లో, బెనిన్‌లో ఉన్నారు. వాళ్ల రోజువారీ తిండి మన నూకలు. నూకలు అంతకు పది నెలల ముందే, 2022 సెప్టెంబరులో ఆపేశాం. 2023 ఆగస్టుకు అంతర్జాతీయ బియ్యం ధర దాదాపు పదిహేనేళ్ల గరిష్ఠానికి పోయింది. ఇక్కడ ధరలు అదుపులో ఉంచడానికి చేశామంటే నిజమే. రొయ్యల విషయంలో అమెరికా మనతో చేసినదానికీ, నూకల విషయంలో మనం బెనిన్‌తో చేసినదానికీ పద్ధతిలో పెద్ద తేడా నాకు కనిపించదు. 2024 సెప్టెంబరు ఆఖర్లో తెల్ల బియ్యం మీద నిషేధం ఎత్తేశాం.

సరుకుల మీద సుంకాలు సరే, హైదరాబాద్ అమ్మేదాంట్లో పెద్ద భాగం కంటికి కనిపించదు. సాఫ్ట్‌వేర్‌కు రేవు లేదు, కస్టమ్స్ లేదు. అందుకని దాని మీద రక్షణ మనుషుల మీద వస్తుంది. 2025 సెప్టెంబరు 21 నుంచి కొత్త హెచ్‌1బీ ఉద్యోగ వీసా దరఖాస్తుకు అమెరికా లక్ష డాలర్ల ఫీజు పెట్టింది. చిలుకూరు బాలాజీ గుడిలో ప్రదక్షిణలు చేసేవాళ్ల మొక్కు ఒక్కసారిగా ఖరీదైపోయింది. కానీ దీని రెండో ముఖం హైటెక్ సిటీలో కనిపిస్తుంది. మనిషిని అక్కడికి తీసుకెళ్లడం కష్టమైతే కంపెనీ పనినే ఇక్కడికి పంపుతుంది. విదేశీ కంపెనీల సొంత కేంద్రాలు నగరంలో ఇప్పటికే మూడు వందలు దాటాయి. ఇంజినీరు పక్కకు జరగగలడు, అతని పనీ జరగగలదు. చెరువు జరగలేదు. ఈ రెంటి తేడా వల్లే ఒకే సుంకాల కాలం గచ్చిబౌలికి ఒకలా, భీమవరానికి ఇంకోలా గడిచింది.

రూపాయి సంగతి ఒక్క మాట. 2025 డిసెంబరులో డాలరు 90 రూపాయలు దాటింది. సుంకం దెబ్బ తిన్న ఎగుమతిదారుకు అది కొంత మందు. అదే మందు చమురు బిల్లును పెంచుతుంది, అమెరికాలో చదివించే దిల్‌సుఖ్‌నగర్ తండ్రి ఫీజు లెక్కను తలకిందులు చేస్తుంది.

అన్యాయం జరిగితే చెప్పుకునే చోటు ఉండాలి కదా అంటారు. ప్రపంచ వాణిజ్య సంస్థ పెట్టింది అందుకే. కానీ దాని అప్పీలు మండలికి సభ్యులను నియమించకుండా అమెరికా అడ్డుకోవడంతో 2019 డిసెంబరు నుంచి అది పనిచేయడం లేదు. కింది ప్యానెల్‌లో ఓడినవాడు అప్పీలు చేస్తే చాలు, వినేవాళ్లు లేరు కాబట్టి తీర్పు అటకెక్కుతుంది. ఫోన్లు, ఎలక్ట్రానిక్స్ మీద మనం వేసిన సుంకాలు తప్పని 2023లో ప్యానెల్ తేల్చినప్పుడు మనం చేసిందీ అదే, అప్పీలు చేసి ఊరుకున్నాం. ఆ సుంకాల నీడలోనే ఫోన్ల తయారీ ఇక్కడ పెరిగింది. ఫోన్ మీద 20 శాతం ఉన్నదాన్ని 2024లో 15కి తగ్గించాం. కొంగరకలాన్‌లో ఫాక్స్‌కాన్ 2025 నుంచి యాపిల్ కంపెనీ ఇయర్‌ఫోన్లు, అంటే ఎయిర్‌పాడ్స్ చేస్తోంది, అవి ఎగుమతికి. ఇది ఆల్విన్ దారిలో పోతుందా, ఫార్మా దారిలోనా అన్నది లోపలి విడిభాగాలు ఎన్నాళ్లకు ఇక్కడ తయారవుతాయన్నదాన్ని బట్టి ఉంటుంది. బిగింపు పని ఒక్కటే అయితే సుంకం తీసిన మర్నాడు ఫ్యాక్టరీ ఇంకో దేశానికి జరిగిపోతుంది. జరగగలిగినవాళ్లలో మొదటివాళ్లు వాళ్లే.

ఈ ప్రశ్నలన్నీ ఒకచోట కలిసేది పెన్సిలిన్-జి దగ్గర. అమాక్సిసిలిన్ లాంటి యాంటీబయాటిక్స్‌కు అది మూలం. 1990ల తర్వాత చైనా ధర ముందు నిలవలేక మన దేశంలో దాని తయారీ ఆగిపోయింది. ప్రపంచానికి మాత్రలు అమ్మే హైదరాబాద్ తన ముడిసరుకు కోసం చైనా ఓడ వైపు చూడాల్సి వచ్చింది. కోవిడ్ దెబ్బతో 2020లో కేంద్రం ముడి మందులకు రూ.6,940 కోట్ల ప్రోత్సాహక పథకం తెచ్చింది. అరబిందో అనుబంధ సంస్థ కాకినాడ జిల్లాలో పెద్ద పెన్సిలిన్-జి ప్లాంటు కట్టింది, 2024లో ప్రారంభమైంది. ఇక్కడ కొత్త ఫ్యాక్టరీ లేచినప్పుడల్లా చైనా ధర తగ్గుతుందని ఈ పరిశ్రమలో అందరూ చెప్పేదే. అందుకని దిగుమతికి ఒక కనీస ధర పెట్టాలని ముడిసరుకు తయారీదారులు కోరుతూ వచ్చారు. పెట్టొద్దని దాన్ని కొని మాత్రలు చేసే చిన్న కంపెనీలు మొరపెట్టుకున్నాయి.

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. నా మొగ్గు కాకినాడ వైపే, కానీ గడువు పెట్టి. ఒక్క దేశం మీద యాంటీబయాటిక్ కోసం ఆధారపడటం ఎంత ప్రమాదమో కోవిడ్ చూపించింది. అయితే జీడిమెట్లలో మాత్రలు చేసే చిన్న కంపెనీ యజమాని ఇబ్బంది ఊహించింది కాదు. అమాక్సిసిలిన్ అత్యవసర మందుల జాబితాలో ఉంది, దాని గరిష్ఠ ధర కేంద్రంలోని మందుల ధరల నియంత్రణ సంస్థ ఎన్‌పీపీఏ నిర్ణయిస్తుంది. ముడిసరుకు ఖర్చు పెరిగితే అతను స్ట్రిప్పు ధర పెంచుకోలేడు. కింద కనీస ధర, పైన గరిష్ఠ ధర, మధ్యలో అతను. చేయగలిగింది ఆ మందు తయారీ మానేయడం. అది జరిగితే మందుల షాపులో కొరత వస్తుంది. కనీస దిగుమతి ధర పెట్టినప్పుడు గరిష్ఠ ధర కూడా సవరించాలి. దిగుమతి ధర వాణిజ్య శాఖ చేతిలో ఉంది, మందు ధర రసాయనాల శాఖ కింది ఎన్‌పీపీఏ చేతిలో ఉంది.